వేళ్ళకు ముందే తెలుసు

మా వీధిలో ఆమెను నూనెత్త అంటారు. కన్నతల్లి పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే తలెత్తి చూడదు. బాలింతలకు ఒళ్ళు రుద్దడం, పసిబిడ్డలకు నూనె రాసి నీళ్ళు పోయడం ఆమె పని. మీసాలొచ్చి, ఉద్యోగాలు చేస్తూ, పెద్దమనుషుల్లా తిరిగే మగవాళ్ళు కూడా ఆమె ఎదురైతే కాస్త వంగి నడుస్తారు. ఎవడైనా గొంతు పెంచితే, "ఒరే, నీ పుట్టుమచ్చ ఎక్కడుందో అందరి ముందూ చెప్పమంటావా?" అంటుంది. అంతే, గొంతు దిగిపోతుంది.

పనికి కూర్చునే ముందు ఆమె గోళ్ళు రాతిమీద అరగదీసుకునేది. గాజులు తీసి పక్కన పెట్టేది. నూనెగిన్నెను వేడినీళ్ళలో దించి, మోచేతి లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూసుకునేది. తర్వాత అరచేతులు రెండూ ఒకదానికొకటి రాసి, కళ్ళు మూసుకుని, "దేవుడా, ఒళ్ళు నువ్విచ్చిందే, చేతులూ నువ్విచ్చినవే. మధ్యలో నేనొక మనిషిని," అనుకునేది. పైకి వినపడేలా కాదు. పెదవులు కదిలేవి, అంతే.

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చింది పాలగడ్డ. బిడ్డ సరిగ్గా తాగకపోతే రొమ్ములో పాలు నిలిచిపోయి ముద్దకడతాయి. జ్వరం వస్తుంది, గుడ్డ తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. నూనెత్త వేడిగుడ్డతో కాపడం పెట్టి, వేళ్ళ కొసలతో ఆ ముద్ద చుట్టూ తిప్పి తిప్పి, ఓపిగ్గా కరిగించేది. ఏడుస్తూ పడుకున్న తల్లి నిద్రలోకి జారుకున్నాక, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయేది. ఆ కాస్త చప్పుడు కూడా చేయకపోవడం చూసి నాకు ఎంతో ముచ్చటగా ఉండేది. "ఆసుపత్రికి తర్వాత పోదువు గాని, ముందు నూనెత్త దగ్గరికి పో," అనడం మా వీధికి అలవాటు. ఆ మాట వినీ వినీ ఆమెకూ అలవాటైపోయింది. తీపి మంచిదే, కానీ మూడు పూటలా తింటే ఎవరికైనా చేటే.

భర్త పోయాక ఆమె ఒక్కతే ఉండేది. మరిది కుటుంబం గోడకు అవతల. మరిది బస్సు నడుపుతాడు, నెమ్మదస్తుడు. తోడికోడలు బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె నోటికి మాత్రం తాళం లేదు. వచ్చినవాళ్ళు పది చీరలు విప్పించి ఏదీ కొనకుండా వెళితే, "మళ్ళీ రండమ్మా, ఈసారి మీరు మడతపెడుదురు గాని, నేను కొంటాను," అని నవ్వుతూ సాగనంపేది. కాపురానికి వచ్చిన కొత్తలో అన్నం ఉడికిందో లేదో కూడా చూడడం రాని పిల్లను నూనెత్తే దగ్గరుండి తీర్చిదిద్దింది. ఆమె పిల్లలకు నీళ్ళు పోసింది. తోడికోడళ్ళంటే కత్తులు నూరుకుంటారని లోకం అంటుంది గానీ, వీళ్ళిద్దరి మధ్య ఆ ఒక్క గోడ తప్ప మరేం అడ్డం ఉండేది కాదు.

చిన్న బిడ్డకు పాలు మానిపించిన తర్వాత ఒక మధ్యాహ్నం తోడికోడలు వచ్చి, "అక్కా, ఇక్కడేదో గట్టిగా తగులుతోంది, చూడు," అంది.

నూనెత్త చూసింది. "మిగిలిపోయిన పాలే. నాలుగు రోజులు రుద్దితే పోతుంది. పడుకో."

దుకాణం మధ్యాహ్నం మూసే వేళకు ఆమె రావడం, చాప మీద పడుకోవడం, నూనెత్త గిన్నె వేడిచేయడం రోజువారీ పనైపోయింది. పాలగడ్డ వేళ్ళ కింద జరుగుతుంది, నీళ్ళలో చేపపిల్లలా తప్పించుకుంటుంది. ఇది జరగలేదు. గోడకు కొట్టిన మేకులా ఉన్నచోటే ఉంది. పాలగడ్డ మీద చెయ్యి పడితే మనిషి కేక వేస్తుంది. ఇక్కడ ఆ మనిషి దుకాణం కబుర్లు చెబుతోంది.

"నొప్పిగా ఉందా?"

"అబ్బే! నీ చెయ్యి పడ్డాక నొప్పి ఎక్కడుంటుందక్కా? నిద్రొస్తోంది."

ఆ మాటకు భయపడాల్సింది. నూనెత్తకు సంతోషం వేసింది. నిజం చెప్పాలంటే, భయం కూడా వేసింది. సంతోషాన్ని పైన కప్పుకుంది.

"కరుగుతోందా అక్కా?"

"కరుగుతోంది."

ఒకరోజు, 'ఎందుకైనా మంచిది, ఒకసారి ఆసుపత్రిలో చూపిద్దామా' అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ గుమ్మంలోకి తొంగిచూసి, "అదృష్టవంతురాలివే పిల్లా! ఇంట్లోనే వైద్యం," అంది. మాట వెనక్కి వెళ్ళిపోయింది. వాన కాలం వెళ్ళి చలి మొదలయ్యేదాకా, అడిగిన ప్రతిసారీ నూనెత్త ఆ ఒక్క జవాబే చెప్పింది.

దుకాణం యజమానురాలు మంచి మనిషి. తన దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు ఆరోగ్య పరీక్షలు చేయించాలని ఒక నర్సును పిలిపించి, గుడ్డలు కొలిచే గదిలో తెర కట్టించింది. తోడికోడలి వంతు వచ్చినప్పుడు నర్సు నవ్వడం మానేసింది. అక్కడి నుంచి పెద్దాసుపత్రి, ఫోటోలు, గడ్డలోకి సూది గుచ్చి ముక్క తీయడం. వచ్చిన జబ్బు పేరు చెప్పడానికి డాక్టరమ్మ తన కుర్చీ జరుపుకుని మరీ దగ్గరగా కూర్చుంది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అని అడిగింది.

నూనెత్త పక్కనే ఉంది. నేల మీది పలకల మధ్య గీతలు చూస్తోంది.

"ఈ మధ్యేనమ్మా. ఇప్పుడిప్పుడే చూసుకున్నాను," అంది తోడికోడలు.

బయటికి వచ్చాక నూనెత్త చెయ్యి పట్టుకుని, "నిన్ను ఇరికిస్తాననుకున్నావా ఏంటి? నువ్వు చేసిందంతా నా మంచికేగా అక్కా," అంది. చెంపదెబ్బ కొట్టినా అంత మంట పుట్టేది కాదు. నూనెత్త ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది. ఏదో పనున్నట్టు సంచీలో వెతుక్కుంది. సంచీలో ఏమీ లేదు.

మందు ఎక్కించడం మొదలైంది. ముందు మందుతో గడ్డను చిన్నది చేసి, ఆ తర్వాత కోసి తీస్తామన్నారు. రెండోసారి ఎక్కించాక వాంతులు. దువ్వెనకు గుప్పెళ్ళ కొద్దీ జుట్టు. నోట్లో పుళ్ళు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఊరికే వచ్చారా? ఒకావిడ బీట్రూట్ రసం అంది. ఒకాయన, ఎర్రటిది ఏదీ నోట పెట్టొద్దన్నాడు. పాలు విషమని ఒకరు, పాలే అమృతమని మరొకరు. తోడికోడలు అందరికీ తల ఊపి, వాళ్ళు వెళ్ళాక, "వీళ్ళ మాటలన్నీ వింటే నాకు మిగిలేది గాలి ఒక్కటే. అదీ ఏ వైపు నుంచి వచ్చిందో కనుక్కుని పీల్చాలి," అనేది. నవ్వబోతే పెదవి చిట్లేది.

ఆ రోజుల్లోనే మరిది ఒక పొడి తెచ్చాడు. బస్సులో ఎవరో చెప్పారట, ఎక్కడికో వెళ్ళి తెచ్చాడు. పొడి ఇచ్చినవాడు ఒక షరతు పెట్టాడు: ఆసుపత్రి సూదులు పూర్తిగా మానేయాలి, లేకపోతే పొడి పనిచేయదు. పాపం మరిదిని ఏమంటాం? భార్య బాధ చూడలేని మనిషి గడ్డిపరకను కూడా పట్టుకుంటాడు.

తోడికోడలు ఆ షరతును చంకలో బిడ్డలా ఎత్తుకుంది.

"లోపలికి పొడి, పైన మా అక్క చేతులు. ఇంక ఆ గదికి నేను వెళ్ళను," అని తేల్చేసింది. తర్వాతి మందు రోజు దగ్గర పడుతోంది.

మరిది గుమ్మం దగ్గర నిలబడి, చెప్పులు విడవకుండానే, "వదినా, నాకేం పాలుపోవడం లేదు. ఏది మంచిదో నువ్వే చెప్పు. నువ్వు చెబితే అది వింటుంది," అన్నాడు.

నూనెత్త ఆ పొడి పొట్లం తీసుకుని ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళింది. ఆమె మొహం చూసి వరసలో ముందున్న ముసలాయన తన చోటు ఇచ్చి, వెనక్కి పోయి నిలబడ్డాడు. పేరు కూడా అడగలేదు. దేవుడు అప్పుడప్పుడు అలా వరసలో నిలబడి ఉంటాడు.

డాక్టరమ్మ పొట్లం విప్పి వాసన చూసింది. కోప్పడలేదు. "ఇందులో ఏముందో నాకు తెలియదు. ఏముందో తెలియనిది మందుతో కలిస్తే ఏం చేస్తుందో చెప్పలేను. మనిషికి హాయినిచ్చేవి ఎన్నో ఉన్నాయమ్మా. పాట వినొచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, కాళ్ళు చేతులు మెల్లగా ఒత్తించుకోవచ్చు. మమ్మల్ని అడిగి చేసుకోండి. అవి చికిత్సకు తోడు. చికిత్సకు బదులు మాత్రం కాదు. ఇప్పుడు ఆపేస్తే పరిస్థితి చెయ్యి దాటిపోతుంది."

నూనెత్త లేవబోయి మళ్ళీ కూర్చుంది. "అమ్మా, నేను రుద్దడం వల్లే పెరిగిందా?"

డాక్టరమ్మకు అప్పుడర్థమైంది. కలం పక్కన పెట్టింది. "రుద్దడం వల్ల పెరిగిందని నేననను. కానీ ఆ రుద్దిన కాలమంతా పోయింది కదా," అంది. అంత మెత్తగా చెప్పింది కాబట్టే అది సూటిగా లోపలికి దిగింది. నీళ్ళగ్లాసు ముందుకు జరిపి, ఆమె తాగేదాకా తర్వాతి మనిషిని పిలవలేదు.

ఇంటికి వచ్చి నూనెత్త చెప్పి చూసింది. డాక్టరమ్మ మాటలన్నీ వరసగా అప్పజెప్పింది. తోడికోడలు గోడకు ఆనుకుని, తలకు గుడ్డ చుట్టుకుని వింది.

"వాళ్ళకేం తెలుసక్కా? ఆసుపత్రికి పోకముందు కరుగుతోందిగా! నువ్వే చెప్పావు. రోజూ చెప్పావు. ఆ సూది గుచ్చి ముక్క తీశారు చూడు, అప్పుడే రేగింది అది. నీ చేతికిందే ఉండి ఉంటే ఈపాటికి పోయేది." అని, చాప పరుచుకుని పడుకుంది. "రా. నూనె వేడిచెయ్యి."

మధ్యాహ్నం వెలుగు కిటికీలోంచి చాప మీద పడుతోంది. పిల్లలు బడికి వెళ్ళారు. వీధి కుళాయి దగ్గర ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు. నూనెత్త గిన్నె తీసింది, మళ్ళీ పెట్టేసింది. ఇంత కాలమూ ఆ పిల్ల ప్రాణానికి అడ్డంగా ఉన్నది జబ్బు ఒక్కటే అనుకుంది. ఇప్పుడు చూస్తే తన మాట కూడా అడ్డంగా పడుకుని ఉంది. దాన్ని తీయాల్సింది తనే.

"కరగలేదు," అంది.

"ఏంటి?"

"ఏనాడూ కరగలేదు. మొదటిరోజు చెయ్యి వేసినప్పుడే నా వేళ్ళకు తెలిసింది అది పాలు కాదని. కదల్లేదు. నొప్పి లేదు. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. కరుగుతోందని నీతో అబద్ధం చెప్పాను."

తోడికోడలు వెంటనే లేవలేదు. పడుకునే రవిక హుక్కులు పెట్టుకుంది, కిందినుంచి పైకి, తొందర లేకుండా. తర్వాత లేచి కూర్చుంది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

జబ్బని తెలియదనొచ్చు, నీకు భయం వేస్తుందని ఆగాననొచ్చు. రెండూ నోటి దగ్గరే ఉన్నాయి. నూనెత్త రెండింటినీ మింగేసింది.

"నూనెత్తకు తెలియనిదొకటి ఉందని నలుగురూ అనుకోవడం ఇష్టంలేక."

"అంతేనా?"

"అంతే."

"నాకు పిల్లలున్నారు."

"తెలుసు."

"తెలియకేం? నువ్వేగా నీళ్ళు పోశావు వాళ్ళకి." గొంతు పెద్దది చేయలేదు. అరిచి ఉంటే బాగుండేదని నూనెత్త తర్వాత చాలాకాలం అనుకుంది. "లే. బయటికి పో."

అక్కా అనలేదు. ఆ పిలుపు లేకుండా ఆ పిల్ల నోట ఒక మాట రావడం అదే మొదలు.

నూనెత్త గోడకు ఇవతల వచ్చి కూర్చుంది. ప్రార్థనకు కళ్ళు మూసుకుంది. మధ్యలో మనిషినని రోజూ దేవుడితో చెప్పుకుంటూ, వచ్చిన పొగడ్తనంతా తన చేతులకే పూసుకుందని తెలిసి, ఆ చేతులు జోడించడానికి సిగ్గేసింది. వాటిని ఒళ్ళో బోర్లా పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

మందు రోజున తోడికోడలు మొగుడితో కలిసి ఆసుపత్రికి వెళ్ళింది. పొడి ఏమైందో ఎవరూ అడగలేదు. మరిది మాత్రం గుమ్మం దాటేటప్పుడు ఇటు చూసి, చూడనట్టు తల దించుకున్నాడు.

తోడికోడలు వీధిలో ఎవరికీ చెప్పలేదు. నూనెత్తే కుళాయి దగ్గర, నలుగురు ఆడవాళ్ళున్నప్పుడు చెప్పింది. "గడ్డ ఏదైనా సరే, ముందు ఆసుపత్రి. నా దగ్గరికి రావద్దు. నేను మా తోడికోడలి విషయంలో తప్పు చేశాను," అని మొత్తం చెప్పింది. బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ కుళాయి కట్టలేదు. పక్కింటావిడ, "పోనీలెండి, మీకు మాత్రం ఏం తెలుసు," అనబోతే, "తెలుసమ్మా, అదే కదా చెబుతున్నది," అంది.

ఆ వారంలో నీళ్ళు పోయాల్సిన బిడ్డ తల్లి, "మా అమ్మ వస్తోంది లెండి, మీకెందుకు శ్రమ," అని కబురు పంపింది. నూనెత్త తప్పు పట్టలేదు. ఒకరోజు మాత్రం పొద్దున్నే తలుపు తీసేసరికి ఆమె బిందె నిండి గుమ్మం ముందు ఉంది. ఎవరు నింపారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలుసు గానీ, చెప్పొద్దన్నవాళ్ళ పేరు రాయడం మర్యాద కాదు.

కొన్నాళ్ళకు ఆసుపత్రి నర్సు కబురు చేసింది. డాక్టరమ్మ చెప్పి ఉంటుంది. మందు ఎక్కించుకునే ఆడవాళ్ళు గంటల తరబడి కుర్చీల్లో కూర్చుంటారు, వాళ్ళకు కాళ్ళు, చేతులు మెల్లగా పట్టేవాళ్ళు కావాలట.

"నా చేతులా?" అంది నూనెత్త.

"మీవే. నేర్పుతాను రండి," అంది నర్సు.

ఇంతకాలం ఊరికి నేర్పిన మనిషి మొదటి తరగతి పిల్లలా కూర్చుని నేర్చుకుంది. గట్టిగా నొక్కకూడదు. సూది ఉన్న చేతిని ముట్టుకోకూడదు. వాపున్నచోట, గడ్డ ఉన్నచోట చెయ్యి పెట్టకూడదు. అడగకుండా అసలు పట్టకూడదు. ప్రతి మనిషి ముందూ కూర్చుని ఆమె ఒకటే మాట చెప్పేది: "అమ్మా, దీనివల్ల జబ్బు తగ్గదు. కాస్త హాయిగా ఉంటుంది, అంతే. పట్టనా?"

ఒక ముసలమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది. "జబ్బు సంగతి వాళ్ళు చూసుకుంటారులే. నా మడమల సంగతి నువ్వు చూడు. నా మొగుడు కూడా ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు, పట్టనా అని."

ఆ వరసలోనే, కిటికీ పక్క కుర్చీలో తోడికోడలు కూర్చునేది. నూనెత్త ఆ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి నడక మారేది. తోడికోడలు కిటికీలోంచి బయటికి చూసేది. నూనెత్త ఆమెను దాటి పక్క కుర్చీ ముందు కూర్చునేది. ఇద్దరి మధ్యా గోడ లేకుండా, గోడ కంటే గట్టిగా ఏదో ఉండేది. అలా ఎన్నోసార్లు జరిగింది.

ఒక రోజు అలాగే దాటబోతుంటే, "అందరి కాళ్ళూ పడుతున్నావు. నా కాళ్ళేం పాపం చేశాయి?" అంది తోడికోడలు, కిటికీ వైపే చూస్తూ.

నూనెత్త నిలబడిపోయింది. "పట్టనా?"

"క్షమించాననుకోకు. అరికాళ్ళు మొద్దుబారాయి. ఒక కాలు బరువుగా లాగుతోంది. అంతే."

"సరే."

కింద కూర్చుంది. అరచేతుల్లో కాస్త నూనె వేసుకుని, ఒకదానికొకటి రాసి వేడిచేసుకుంది. ఎడమ పాదం ఒళ్ళో పెట్టుకుంది. చల్లగా, తేలిగ్గా ఉంది. మెల్లగా పట్టింది. తోడికోడలి భుజాలు కాస్త కిందికి దిగడం ఓరకంట చూసింది. అంతకంటే ఆ రోజు దేవుణ్ణి అడిగేది ఏమీ లేదనిపించింది.

కుడి కాలు తీసుకుంది. చీలమండ దాటి పిక్క మీదికి చెయ్యి వెళ్ళగానే ఆగింది. ఆ కాలు వెచ్చగా ఉంది. రెండో కాలి కంటే లావుగా, బిగుతుగా ఉంది. ఎన్నాళ్ళకో దొరికిన కాలు. దీన్ని వదిలితే మళ్ళీ దొరకకపోవచ్చు. కాస్త రుద్దితే బిగువు సడలుతుందేమో కూడా. ఆ ఆలోచన రావడమే ఆమెకు ఒళ్ళంతా సిగ్గు పుట్టించింది.

చేతులు తీసేసింది. కాలిని జాగ్రత్తగా పీట మీద పెట్టింది.

"ఏమైంది?"

"ఈ కాలు నేను పట్టను. ఏదో తేడాగా ఉంది. ఏంటో నాకు తెలియదు." లేచి నిలబడి, ఆ గదిలో ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది. "నర్సమ్మా! ఒకసారి ఇటు రండమ్మా!"

కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. నర్సు వచ్చింది, రెండు పిక్కలూ చూసింది, టేపు పెట్టి కొలిచింది. మొహం మార్చకుండా, "రుద్దలేదు కదా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మంచిపని చేశారు. రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అలాంటిది రుద్దితే ప్రమాదం. డాక్టరుగారిని పిలుస్తాను, అప్పటిదాకా కదలకండి," అని గబగబా వెళ్ళింది.

నూనెత్త అక్కడే నిలబడింది. నూనె చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక, ఒంటికి తగలకుండా గాల్లో పట్టుకుని ఉంది. తల ఎత్తలేదు. తోడికోడలు ఆమెనే చూస్తోంది.

"ఆ నిలబడ్డమేంటి, ఎవరో కొట్టినట్టు," అంది చివరికి. తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి, ఆ బోడితలతోనే వంగి, గుడ్డను ఆమె చేతులకు అందించింది. "తుడుచుకో. వాళ్ళొచ్చేదాకా ఇక్కడ కూర్చో. నాకు భయంగా ఉంది."